ఆరో పాట మీద గీత

నేను ఒక సీడీని. ఇంత మాత్రం చెబితే ఇప్పటి పిల్లలకు అర్థం కాదని నాకు తెలుసు, కాబట్టి ఇంకాస్త విడమరుస్తాను. అరచెయ్యంత వెడల్పు, అట్టముక్కంత పలచన, నడుమ వేలు దూరేంత చిల్లు, ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు అద్దం. ఆ అద్దం వైపే నా ప్రాణమంతా ఉంటుంది. మనుషులు అందులో మొహం చూసుకుని మీసం సర్దుకుంటారు. నేను మాత్రం అక్కడ తొమ్మిది పాటలు దాచుకుని కూర్చుంటాను.

నా పూర్తి పేరు 'గుండం గ్రేటెస్ట్ హిట్స్'. పీర్ల పండగలో నిప్పులు పోసి తొక్కే గుండం ఉంది చూశారూ, ఆ పేరు పెట్టుకున్న బ్యాండు అది. ప్రొద్దుటూరు వాళ్ళది. దర్గాల దగ్గర ఫకీర్లు డప్పు కొట్టుకుంటూ దేవుణ్ణి పిలిచే పాటలు తీసుకుని, వాటికి గిటారూ డ్రమ్ములూ తగిలించి పాడేవాళ్ళు. దాన్ని సూఫీ రాక్ అంటారట. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం 'ఆ అరిచే పిలకాయలు' అనేవాళ్ళు.

గ్రేటెస్ట్ హిట్స్ అన్నానని మీరు నన్ను గొప్పగా చూడనక్కర్లేదు. ఆ బ్యాండు నాకు ముందు తెచ్చినవి రెండే క్యాసెట్లు. మూడోది రావలసిన సమయానికి, పాడే ఖలందర్‌కూ గిటారు వాయించే ఓబులేసుకూ మాటల్లేకుండా పోయాయి. పాట మధ్యలో గిటారు ఒక్కటే ఎంతసేపు మోగాలన్నది తగాదా. ఓబులేసు లెక్కన అది మనసు నిండేదాకా మోగాలి. ఖలందర్ లెక్కన జనం టీకి లేచేలోగా ఆగాలి. క్యాసెట్ల కంపెనీ ఆయన కొన్నాళ్ళు ఎదురుచూసి విసిగిపోయాడు. "కొత్తవి మీరు ఇయ్యకపోతే పాతవాటినే గొప్పవి అందాంలేప్పా" అన్నాడు. అలా పుట్టాను నేను.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గింజలు కరిగించి, అచ్చులో నొక్కి, వెండి రంగు పూత పూసి నన్ను బయటికి వదిలారు. నాతోపాటు పుట్టినవాళ్ళందరూ నాలాగే ఉన్నారు. అందరి కడుపులోనూ అవే పాటలు. మనుషుల్లో కవలలు పుడితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. మమ్మల్ని మాత్రం అట్టపెట్టెల్లో సర్ది లారీ ఎక్కించారు.

నా అట్ట మీది ఫొటో సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. ఫొటోగ్రాఫరుకు 'రాక్ బ్యాండు' అని చెప్పారు. ఆయన అది విని, నలుగురినీ గండికోట తీసుకుపోయి పెద్ద పెద్ద బండరాళ్ళ మీద నిలబెట్టాడు. మాటల్లేని ఇద్దరూ చెరో బండ మీద నిలబడి చెరో దిక్కు చూస్తుంటే, కొన్నవాళ్ళు "ఏం ధ్యానంలో ఉండారు చూడు" అని మెచ్చుకున్నారు.

ఇక అసలు సంగతి. నాలో ఆరో పాట ఒకటుంది.

వాకిలి తియ్యి సామీ, వాన నన్ను తరుముతాంది
చూరు కింద నిలబడితే చుట్టమైపోతానా సామీ

అని మొదలవుతుంది. ఖలందర్ దాన్ని బాగానే పాడతాడు. కానీ పాట సగానికి వచ్చాక, డ్రమ్ములూ గిటారూ అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ ఖాళీలోకి ఒక ఆడగొంతు లేస్తుంది. మాటలేవీ ఉండవు, ఒట్టి రాగం. తలుపు తీస్తారో లేదో తెలియక, కోపం తెచ్చుకోవాలో బతిమాలాలో కూడా తెలియక నిలబడ్డ మనిషి గొంతు అది. అది లేచి, చిట్టచివర కొంచెం వణికి ఆగిపోతుంది. నా తొమ్మిది పాటల్లో ఏది బాగుందని ఎవరిని అడిగినా ఆరోది అంటారు. ఆరోదాంట్లో ఏది బాగుందంటే ఆ రాగం అంటారు. ఆ గొంతు ఎవరిదంటే మాత్రం ఎవరికీ తెలియదు.

నాకు తెలుసు. క్యాసెట్టులో ఉన్నదంతా నాలోకి దించినప్పుడు పాటతోపాటు చప్పుళ్ళు కూడా దిగాయి. ఆ రాగానికి ముందు, చెవి పెట్టి వింటే, టీ గ్లాసులు కింద పెట్టిన చిన్న చప్పుడు ఉంటుంది.

ఖలందర్ వాళ్ళది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. రికార్డింగు గది బాడుగ భరించలేక, వాళ్ళ దూది కొట్టంలోనే గోడలకు పరుపులు నిలబెట్టి, కిటికీలకు దిండ్లు కుక్కి, మైకులు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఖలందర్ చెల్లెలు మాబున్ని అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. అందరికీ టీలు పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. అప్పటికే ఖలందర్ ఆ రాగం దగ్గర గొంతు పట్టేసి, మళ్ళీ మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ మళ్ళీ కింద పడుతున్నాడు. ఆ పిల్ల గ్లాసులు కింద పెట్టి "అట్ల కాదన్నా, ఇట్ల" అని పాడి చూపించింది. మైకు ఆన్‌లోనే ఉంది.  పాడటం అయిపోగానే ఓబులేసే, "ఇంక నువ్వు పాడొద్దులే ఖలందరూ, ఇదే ఉండనీ" అన్నాడు. మాటలు పోవడానికి బీజం అక్కడే పడి ఉండొచ్చు. నాకు తెలియదు, మైకు ఆపేశాక జరిగినవి నాలోకి దిగలేదు.

పుట్టాక కొన్నాళ్ళకు నేను జమ్మలమడుగులో ఒక దర్గా ఉరుసుకు పెట్టిన అంగట్లో తేలాను. దండలూ అత్తరు సీసాలూ చక్కెర బిళ్ళల మధ్య నన్ను ఒక తాడుకు వేలాడదీశారు. సాయంత్రం ఒక పెద్దామె వచ్చి నిలబడింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. చుట్టుపక్కల ఎవరైనా తనకన్నా గట్టిగా మాట్లాడితే అది తన ఇంటి మీద దావా వేసినట్టు చూసే రకం. పేరు ఫకీరమ్మ.

"ఆ వాకిలి పాట ఇయ్యి నాయనా" అంది.

"ఏ వాకిలి పాట జేజీ?" అన్నాడు అంగడివాడు.

"బస్సులో ఏసినారు మొన్న. ఒగామె వాకిలి తియ్యమని ఏడుస్తాది సూడు, ఆ పాట."

"శానా పాటల్లో ఏడుస్తారు జేజీ. కొంచెం పాడి సూపీ."

ఫకీరమ్మ గొంతు సవరించుకుని అక్కడే పాడింది. పక్క అంగట్లో బేరం ఆడుతున్నవాళ్ళు ఆగిపోయారు. రాగం ఎక్కడా తగల్లేదు, కానీ వాకిలి మాత్రం గట్టిగా తగిలింది. అంగడివాడు నన్ను తాడు నుంచి తీసి చేతికిచ్చాడు. ఆమె అట్ట మీద ఫొటో చూసి మొహం చిట్లించింది.

"ఈడు మా కోడలి అన్న కదా! ఈని అరుపులకా నేను దుడ్లిచ్చేది?"

"వద్దా జేజీ?"

"వద్దని ఎవరన్నారు? ఆమె కోసరం తీసుకుంటాండా, ఈని కోసరం కాదు. అది తెలుసుకో."

అలా నేను ఫకీరమ్మ సంచిలో, చక్కెర బిళ్ళల పక్కన, ఆమె ఇంటికి చేరాను. ఇంకెవరింటికి? మాబున్ని అత్తగారింటికే.

కింద పరుపుల అంగడి, పైన ఇల్లు. అంగడి ఫకీరమ్మ కొడుకు, మాబున్ని మొగుడు ఇమాంసా చూసుకునేవాడు. అతను మెత్తని మనిషి. రోజంతా దూది మధ్య ఉండి ఉండి అలా అయ్యాడో, పుట్టుకతోనే అంతో చెప్పలేను. ఇంట్లో టీవీకి తగిలించిన ఒక పాత డీవీడీ పెట్టె ఉంది. నన్ను మొదటిసారి అందులో పెట్టినప్పుడు ఫకీరమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. మొదటి ఐదు పాటలూ "ముందుకు పోనీ, ముందుకు పోనీ" అంటూనే గడిపేసింది. ఆరోది రాగానే చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది.

రాగం లేచింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

మాబున్ని వంటింటి గడప దాకా వచ్చి నిలబడింది. తన గొంతు తనకే బయటినుంచి వినిపిస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో నేను చూశాను. పెట్టెలో గిరగిరా తిరుగుతూ చూశానంటే మీరు నమ్మకపోవచ్చు, కానీ చూశాను.

"వింటివా మే?" అంది ఫకీరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "గొంతంటే అదీ. బొంబాయి మనిషై ఉంటాది. మీ అన్న ఆ తల్లి కాళ్ళకు మొక్కాల. ఎవురామె? నీకేమన్నా తెలుసా?"

మాబున్ని కొంగుకు చేతులు తుడుచుకుంది.

"తెలీదత్తా" అంది.

"నీకేం తెలుస్తాదిలే. పో, పొయ్యి మీద పప్పు సూడు."

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది, అది చెప్పాలి. పొయ్యి దగ్గర కూనిరాగాలు తీయకూడదు. మాబున్ని కాపురానికి వచ్చిన కొత్తలో ఏదో పాడుకుంటూ సంగటి కెలుకుతుంటే అది అడుగంటింది. "పాట ఎక్కితే వంట దిగదు. పొయ్యి కాడ నోరు మూసుకొని ఉండాల" అని ఫకీరమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది. అందులో పెద్ద కోపమేమీ లేదు, ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టే చెప్పింది. కానీ మాబున్ని ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాడలేదు. ఆ ఇంట్లో ఆమె పాట అంటూ ఉంటే అది నేనే.

ఆ మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక మాబున్ని నా డబ్బా తెరిచి అట్ట బయటికి లాగింది. పది దాకా చదువుకున్న పిల్ల. చిన్న అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివింది. గానం ఖలందర్. గిటారు ఓబులేసు. డ్రమ్ములు వాయించినాయన పేరుంది, వ్యాను నడిపినాయన పేరుంది, గండికోటలో నీళ్ళు ఇచ్చిన గొర్రెల కాపరి పేరు కూడా ఉంది. 'రికార్డింగు రోజుల్లో టీలు అందించిన బజారు హోటలు సుబ్బన్నకు కృతజ్ఞతలు' అని కూడా ఉంది. మాబున్ని ఆ చివరి వరుస దగ్గర చాలాసేపు ఆగింది. తరువాత చిన్నగా నవ్వింది.

"టీలు కూడా నేనే కదన్నా పెట్టింది" అంది అట్టతో.

నేనేం చెప్పగలను? అట్ట నాది, మాటలు నావి కావు.

ఆమెకు కోపం రాలేదనుకోకండి. వచ్చింది. కానీ క్యాసెట్టు బయటికి వచ్చినప్పుడే ఖలందర్ ఆమెకు ఒక మాట చెప్పి ఉంచాడు: "నీ పేరు ఏస్తే మీ అత్తగారింట్లో ఏమనుకుంటారో మే. నీ మంచికే." ఆ 'ఏమనుకుంటారో' అనే మాట మాబున్ని మనసులో పెద్ద తాళం కప్పలా పడింది. మనుషుల దగ్గర నేను గమనించినది ఒకటుంది. వాళ్ళు ఒకరినొకరు అడగడం కన్నా, అవతలివాళ్ళు ఏమనుకుంటారో తామే అనుకుని, దానికి తామే భయపడి, ఆ భయంతోనే ఏళ్ళు గడిపేస్తారు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నా ఉద్యోగం అదే. ఫకీరమ్మ భోంచేసి గోడకు ఆనుకుంటుంది. ఇమాంసా నన్ను పెట్టెలో పెడతాడు. ఆరో పాట మోగుతుంది. "మళ్లా ఒగసారి" అంటుంది ఆమె. మళ్ళీ మోగుతుంది. ఒకసారి మాబున్ని ఎందుకో ఉండబట్టలేక, "ఆ చివర కొంచెం వణికింది కదత్తా, తప్పు పాడింది" అంది. ఫకీరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమన్నావు? తప్పా? నువ్వు పాడు సూద్దాం అట్ల! వణుకు కాదది, ఎదురుసూసి ఎదురుసూసి ఆ తల్లికి దుక్కం పొంగుకొచ్చింది. నీకు సంగటి కెలకడమే సరిగ్గా రాదు, నువ్వు ఆమెకు తప్పులు పడతావా?"

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. ఏడుస్తోందేమోనని ఇమాంసా వెనకే వెళ్ళాడు. ఆమె బియ్యం డబ్బా మీద కూర్చుని నవ్వాపుకోలేక ఊగిపోతోంది. ఆ నవ్వులో కొంచెం తడి కూడా ఉంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. మంచివాడు కాబట్టి, అర్థం కాకపోయినా కాసేపు పక్కన కూర్చుని వెళ్ళాడు.

ఆ మంచివాడే నన్ను గాయపరిచాడు. ఒకరోజు పెట్టె తుడుస్తానని నన్ను బయటికి తీసి, డబ్బా కనబడక, కుడుతున్న పరుపు మీద పెట్టాడు. కింద నుంచి ఎవరో బేరానికి పిలిస్తే గబుక్కున లేచాడు. చేతిలో ఉన్న దబ్బనం జారి నా అద్దం మీద పడింది, పడింది ఊరకే ఉండక పొడుగ్గా జారింది. నొప్పి అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, నాలో ఒకచోట వెలుగు తప్పిపోయిందని మాత్రం తెలిసింది. ఇమాంసా నన్ను ఎత్తి చూసి, లుంగీతో తుడిచి, ఇంకోసారి తుడిచి, తుడిస్తే పోయేది కాదని అర్థమయ్యాక అటూ ఇటూ చూశాడు. గీతను డబ్బాలో అడుగువైపుకు తిప్పి మూసేశాడు. ఏ సీడీకైనా డబ్బాలో అద్దం అడుగువైపే ఉంటుంది. పాపం, ఏదో దాచాననుకున్నాడు.

మరుసటి మధ్యాహ్నం ఫకీరమ్మ యథాప్రకారం కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది. వంటింట్లో మాబున్ని రాగి సంగటి కెలుకుతోంది. నన్ను పెట్టెలో పెట్టి ఇమాంసా మెట్ల వైపు జారుకున్నాడు.

వాకిలి తియ్యి సామీ, వాన నన్ను తరుముతాంది. అక్కడిదాకా బాగానే ఉంది. డ్రమ్ములు ఆగాయి, గిటారు ఆగింది. గ్లాసుల చప్పుడు అయింది. రాగం లేచింది, లేస్తూనే గీతకు తగిలింది.

"ఆ... ఆ... ఆ... ఆ..." అంటూ అక్కడే కొట్టుకోవడం మొదలుపెట్టాను. వెక్కిళ్ళు పట్టినవాడిలా ముందుకు పోలేను, వెనక్కి రాలేను. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. దాచిపెట్టమని ఇచ్చినదాన్ని సరిగ్గా అడిగిన వేళకు ఇవ్వలేకపోతున్నాను.

పాడేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. రాగం సగంలో వేలాడుతుంటే చూస్తూ ఊరుకోలేరు. మాబున్ని సంగటి కెలుకుతూ పళ్ళు బిగపట్టుకుంది, కళ్ళు మూసుకుంది, తల విదిలించింది. చివరికి ఆమె గొంతు ఆమెను అడక్కుండానే బయటికి వచ్చేసింది. నేను ఎక్కడ ఆగానో సరిగ్గా అక్కడ అందుకుని, పైకి తీసుకుపోయింది.

ఫకీరమ్మ కళ్ళు తెరవలేదు. "ఆఁ, సరిపోయింది" అని గొణుక్కుని తల ఆడించింది.

సరిగ్గా అప్పుడే ఆ పాత పెట్టెకు నాతో విసుగొచ్చింది. నన్ను చదవలేనని తేల్చుకుని, కిర్రుమంటూ నాలుక చాపి నన్ను బయటికి నెట్టేసింది. నేను నాలుక మీద వెల్లకిలా పడి, తిరగడం మానేసి, కప్పు వైపు చూస్తున్నాను. పాట మాత్రం ఆగలేదు. ఇంకా లేస్తోంది.

ఆ కిర్రుమన్న చప్పుడుకు ఫకీరమ్మ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. పెట్టెను చూసింది. టీవీ వెనక్కి వంగి చూసింది. తరువాత మెల్లగా లేచి, గోడ పట్టుకుని వంటింటి గడప దాకా నడిచింది.

మాబున్నికి వీపు ఇటువైపు ఉంది. చెయ్యి తెడ్డు మీద ఉన్నా, అది కెలకడం ఎప్పుడో మానేసింది. రాగం కొసకు వచ్చి, కొంచెం వణికి, ఆగింది. వెనక్కి తిరిగి అత్తను చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది. సంగటి మాడిన వాసన గుప్పుమంది.

"అడుగంటిందత్తా" అంది భయంగా.

"అంటనీ" అంది ఫకీరమ్మ. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకు తెలియదు. "పొయ్యి ఆర్పేసి ఈడికి రా. వచ్చి నా ముందర కూచోని మొదట్నించి పాడు."

మాబున్ని పాడింది. చాప మీద అత్త ఎదురుగా కూర్చుని, చెమటతో, చేతికి సంగటి అంటుకుని ఉండగానే పాడింది. ఫకీరమ్మ ఆమె నోటినే చూస్తూ కూర్చుంది. ఏళ్ళ తరబడి మనింట్లోనే ఉన్న పెట్టెలో ఇన్నాళ్ళూ బంగారం ఉందని ఈ రోజు తెలిస్తే ఎలా చూస్తామో అలా చూసింది. పాట అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, ఆమె అడిగిన మొదటి మాట ఇది:

"బొంబాయి అన్నానే, అప్పుడైనా సెప్పకూడదా నువ్వు?"

"అన్న చెప్పొద్దన్నాడత్తా. మీరేమనుకుంటారోనని."

"మేమా? ఏమనుకుంటామంట?"

"ఏమో అత్తా. అది ఆయన చెప్పలేదు."

మెట్ల దగ్గర నిలబడి ఉన్న ఇమాంసా ఇదే సమయమనుకున్నాడు. "అమ్మా, ఆ గీత నాదే. దబ్బనం పడింది" అన్నాడు.

"శానా మంచిపని చేసినావు. పో, బస్సు టయం కనుక్కోనిరా" అంది ఫకీరమ్మ.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు ప్రొద్దుటూరు బస్సు ఎక్కారు. నేను ఫకీరమ్మ సంచిలో ఉన్నాను. దారి పొడుగునా ఆమె పక్క సీటు వాళ్ళతో, "ఒగ ముచ్చట తేల్సుకునేది ఉండాది" అని చెబుతూనే ఉంది. ఏ ముచ్చట అని అడిగినవాళ్ళకు నన్ను బయటికి తీసి చూపించింది. వాళ్ళు నాలో మొహాలు చూసుకున్నారు.

దూది కొట్టంలో ఖలందర్, ఓబులేసు చెరో మూలా కూర్చుని చెరో పాట సాధన చేస్తున్నారు. చెల్లెలి అత్తగారిని చూడగానే ఖలందర్ లేచి పరుపు దులిపి వేశాడు.

"కూచోండత్తా. ఏం, ఇట్ల వచ్చినారు?"

ఫకీరమ్మ కూర్చోలేదు. నన్ను అతని మొహం ముందు పెట్టింది. "ఈ ఆరో పాటలో పాడింది ఎవురు?"

ఖలందర్ చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు గోడ వైపు చూసింది.

"అదీ... మాబున్ని అత్తా."

"అట్టమింద ఆ పిల్ల పేరు యాడుంది సూపీ. నాకు సదువు రాదు, నువ్వే సూపీ."

"మీరు ఏమనుకుంటారోనని ఏయలేదత్తా."

"నేనేమనుకుంటానో నన్నడిగితివా?"

"లేదత్తా."

"నా కొడుకుని అడిగితివా?"

"లేదు."

"మా ఈదిలో ఎవుర్నన్నా అడిగితివా? మరి యాడ కనుక్కున్నావు నాయనా మేమనుకునేది? మేమింకా అనుకోకముందే నీకెట్ల తెలిసె?"

ఓబులేసు గిటారు పక్కన పెట్టి నవ్వు దాచుకోవడానికి మూలకు తిరిగాడు. ఖలందర్ తల వంచుకున్నాడు. ఎవరినీ చూడకుండా, దూదిని వేళ్ళతో నలుపుతూ చెప్పాడు.

"నిజం చెప్తాండా అత్తా. ఆ పాట వచ్చినాక యాడికి పోయినా ఆ ఒక్క రాగమే అడుగుతారు. నేను గొంతు చించుకోని ఎనిమిది పాటలు పాడతా. కిందికి దిగంగానే 'ఆ పాడినామె ఎవురన్నా' అంటారు. నా పాట గురించి ఎవురూ అడగరు. అందుకే ఇప్పుడు స్టేజీ మింద ఆ పాటే పాడడం లేదు. అది ధ్యానంలో పాడే పాట, జనంలో పాడకూడదని చెప్తాండాం."

"మేం కాదు, నువ్వు చెప్తాండావు" అన్నాడు ఓబులేసు. వాళ్ళిద్దరి మధ్య చాలాకాలానికి జరిగిన మొదటి సంభాషణ అది.

మాబున్ని అప్పుడు మాట్లాడింది. "చెప్పింటే సరిపోయేది కదన్నా. నా మంచికే అంటివి. నేను నిజమే అనుకుంటి" అంది. గట్టిగా అనలేదు. కానీ ఫకీరమ్మ అరుపులన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. ఖలందర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళి, మూలన పేర్చి ఉన్న అట్టపెట్టెలు లాక్కొచ్చి కోశాడు. లోపల నా తోబుట్టువులు, అమ్ముడుపోనివాళ్ళు, చాలామందే ఉన్నారు. స్కెచ్ పెన్ను తీసుకుని మొదటి అట్ట మీద రాయబోయాడు.

ఫకీరమ్మ పెన్ను లాక్కుంది. "నువ్వు కాదు. ఆ పిల్లనే రాసుకోనీ."

మాబున్ని ముందు నన్నే ఒళ్ళో పెట్టుకుంది. బడి రిజిస్టరులో ఉన్న పెద్ద పేరు రాయాలా, ఇంట్లో పిలిచే పేరు రాయాలా అని కాసేపు ఆలోచించింది. తరువాత, బండరాళ్ళ ఫొటో మీదే, అన్న తలకూ ఓబులేసు తలకూ మధ్య ఖాళీగా ఉన్న ఆకాశంలో 'మాబున్ని' అని రాసింది. 'బు'కు కొమ్ము కాస్త వంకరపోయింది.

"ఇంకా పెద్దగా రాయి మే" అంది ఫకీరమ్మ. "నాకు కనపడాల."

"నీకు చదువు రాదు కదత్తా."

"సదవడానికి కాదు, సూడడానికి."

ఆ రోజంతా నలుగురూ దూది మధ్య కూర్చుని అట్టలు తీయడం, రాయడం, ఆరబెట్టడం, మళ్ళీ మూయడం. మధ్యలో టీలు ఖలందరే పెట్టి తెచ్చాడు. తాగిన ఫకీరమ్మ, "పాట అయితే ఏమో గానీ, ఇది మాత్రం ఆ పిల్ల దగ్గిర నేర్సుకో" అంది.

తరువాతి ఉరుసుకు జమ్మలమడుగులో గుండం వాళ్ళ కార్యక్రమం జరిగింది. అసర్ నమాజు అయ్యాక, ఎండ చల్లబడే వేళ. స్టేజీ పక్క బల్ల మీద నా తోబుట్టువులను వరసగా పేర్చారు, ఫకీరమ్మ నన్నూ వాళ్ళ పక్కనే పెట్టింది, కాబట్టి కళ్ళారా చూశాను. ఆరో పాటకు మాబున్ని పైకి వచ్చింది. దూది గదిలో పాడిందే తప్ప ఆమె ఇంతమంది ముందు ఎప్పుడూ పాడలేదు. డ్రమ్ములు ఆగాయి, గిటారు ఆగింది. రాగం రాలేదు. జనం ఎదురుచూశారు. అయినా రాలేదు. వెనక ఎవరో ఈల వేశారు.

ఖలందర్ ఆ నిశ్శబ్దాన్ని తన గొంతుతో నింపేయొచ్చు. అలవాటుకొద్దీ నోరు తెరిచాడు కూడా. మళ్ళీ మూసుకుని చెల్లెలి పక్కకు వచ్చి, మైకుకు అందకుండా ఏదో చెప్పాడు. నేను బల్ల మీద దగ్గరగా ఉన్నాను కాబట్టి విన్నాను. "నాకు రాలేదు మే ఇది. నాకు నేర్పియ్యి" అన్నాడు.

మాబున్ని అన్న మొహంలోకి చూసి, "ఇట్లన్నా" అని, పాడింది.

తరువాత ఏమైందో నేను సరిగ్గా చెప్పలేను, ఎందుకంటే ముందు వరసలో ఒక పొట్టి మనిషి కుర్చీ ఎక్కి నిలబడి, పాట ఇంకా అయిపోకముందే, "అది మా కోడలు! మా కోడలు!" అని ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ చెప్పడం మొదలుపెట్టింది. ఆమెను కూర్చోబెట్టడానికి ఇమాంసా పడిన పాట్లు చూడటంలోనే నాకు సరిపోయింది. ఆ సాయంత్రం బల్ల మీద నా తోబుట్టువులందరూ అమ్ముడుపోయారు. నన్ను కూడా ఒకాయన ఎత్తుకున్నాడు గానీ, "అది మాది, గీత పడింది, ఇయ్యం" అని ఫకీరమ్మ లాక్కుంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. గుండం వాళ్ళు ఆ తరువాత ఐదుగురయ్యారు. ఖలందర్, ఓబులేసు ఇప్పటికీ గిటారు ఎంతసేపు మోగాలని కొట్లాడుకుంటారట, కానీ మాట్లాడుతూ కొట్లాడుకుంటారు. వాళ్ళ కొత్త పాటలు సీడీలుగా రావు, గాల్లో ఎక్కడినుంచో నేరుగా ఫోన్లలోకి దిగుతాయట. మా జాతి పని అయిపోయింది. నన్ను చదివే పెట్టె కూడా పాత సామాన్ల వాడి తోపుడు బండి ఎక్కిపోయింది.

నన్ను మాత్రం ఫకీరమ్మ పారేయనివ్వలేదు. నడుమ చిల్లులోంచి దారం దూర్చి మిద్దె మీద తీగకు కట్టింది. కింద జొన్నలు ఆరబోస్తే పిచ్చుకలు రాకుండా తిరుగుతూ మెరుస్తుండటం ఇప్పటి నా కొలువు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. పాటలు దాచుకున్నదాన్ని, పిట్టల్ని తరమడమా అని. ఇప్పుడు అంత బాధ లేదు. పాట నాది కాదని, కొంతకాలం నా దగ్గర ఉండి వెళ్ళిందని తెలిశాక మనసు కుదుటపడింది. పిచ్చుకలు కూడా నాకు భయపడటం మానేశాయి. ఒకటైతే దారం మీదే కూర్చుంటుంది.

మొన్న పక్క మిద్దె మీద బట్టలు ఆరేయడానికి ఆ ఇంటి కొత్త కోడలు వచ్చింది. పెళ్ళై ఇంకా పారాణి పోలేదు. నా వెలుగు కళ్ళలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంది జేజీ అది?"

"పాటల పళ్లెం" అంది ఫకీరమ్మ, జొన్నలు చేత్తో నెరుపుతూ. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు, గొంతు మాత్రం అలాగే ఉంది.

"పాడుతుందా?"

"అది పాడదులే ఇప్పుడు." ఫకీరమ్మ చెయ్యి ఆపి, ఆ పిల్ల ఉన్న దిక్కుకు మొహం తిప్పింది. "నీకేమన్నా వస్తాదా మే, పాట?"

ఆ పిల్ల సిగ్గుపడి, మెట్ల వైపు ఒకసారి చూసి, తడి చీరను తీగ మీద అలాగే సగం వేలాడదీసి వదిలేసింది.

"కొంచెం కొంచెం వస్తాది జేజీ. మా ఇంట్లో ఎవరూ అడగలేదు."

"నేనడుగుతాండా గదా" అంది ఫకీరమ్మ.

గాలి వీస్తూనే ఉంది గానీ, నేను తిరగడం మానేసి విన్నాను.